మన పొలాల మ్యాపు మనం లేకుండా గీయనివ్వొద్దు

(రైతు సంఘం డివిజన్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, పంటల బీమా గురించి మాకంటే ముందు మాట్లాడినవాళ్ళు వివరంగా చెప్పారు. మాకు అప్పగించిన విషయం వేరు. అడవి జంతువులు, పక్షులు బతికే ముఖ్యమైన చోట్లను గుర్తించి మ్యాపులు గీయడం, ఆ మ్యాపులను బట్టి ఏ ఊళ్ళో ఏం కాపాడాలో, ఏం బాగుచేయాలో ప్రణాళిక రాయడం. ఈ మాట వినగానే "పత్తి రేటు సంగతి చూడకుండా ఈ పిట్టల గోల ఏంది?" అని కొందరికి అనిపిస్తుంది. మాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత అర్థమైంది, ఇది పిట్టల సంగతి ఎంతో భూమి సంగతీ అంతే అని. ఎక్కడో కూర్చొని ఎవరో పచ్చరంగు వేస్తే అది వచ్చి పడేది మన సర్వే నంబరు మీదే.

ఇప్పుడే ఎందుకు మాట్లాడాల్సి వచ్చిందంటే, 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్ నగరంలో దాదాపు ప్రపంచ దేశాలన్నీ ఒక ఒప్పందానికి వచ్చాయి. 2030 నాటికి భూమిలోనూ నీటిలోనూ 30 శాతాన్ని ప్రకృతి కోసం కాపాడాలని, పాడైపోయిన వాటిలో 30 శాతాన్ని బాగుచేసే పని మొదలుపెట్టాలని అందులో రాసుకున్నారు. మన దేశం కూడా అందులో ఉంది. దానికి తగ్గట్టు 2024లో జాతీయ ప్రణాళికను కూడా సవరించారు. మరి మన దేశంలో నేషనల్ పార్కులు, శాంక్చురీలు అన్నీ కలిపినా భూభాగంలో ఆరు శాతం లోపే. రిజర్వు అడవులు లెక్కలో కలిపినా చాలదు. మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? ఊరి చెరువుల నుంచి, మేత పోరంబోకుల నుంచి, వంకల నుంచి, మెట్ట చేల నుంచి రావాలి. అంటే ఇప్పటిదాకా అడవి దగ్గర ఆగిన మ్యాపు ఇక మన గట్ల దాకా వస్తుంది. రావడం తప్పని మేం అనడం లేదు. ఎలా వస్తుందన్నదే మన ప్రశ్న.

రోళ్ళపాడు నేర్పిన పాఠం

ఎక్కడో దూరం ఎందుకు, మన రోళ్ళపాడు సంగతే చూద్దాం. మిడుతూరు మండలంలో ఉంది, అప్పుడు కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. బట్టమేక పిట్ట అంటే మన పెద్దవాళ్ళకు తెలుసు. నిలబడితే మన నడుము దాకా వచ్చేంత పక్షి. చెట్టెక్కదు, గూడు కట్టదు. బయలు నేల మీద ఒక్క గుడ్డు పెడుతుంది. మిడతలు, పురుగులు, తొండలు తింటుంది. చేలో వేరుశనగ, జొన్న గింజలూ ఏరుకుంటుంది. మా చిన్నతనంలో పెద్దవాళ్ళు విత్తనం వేసే రోజుల్లో ఆ పక్షి కనబడితే ఎద్దులను కాసేపు ఆపి చూసేవాళ్ళమని చెప్పేవాళ్ళు.

ఆ పక్షి కోసం 1988లో రోళ్ళపాడు దగ్గర 614 హెక్టార్లు, అంటే దాదాపు పదిహేను వందల ఎకరాలు శాంక్చురీ చేశారు. ఉద్దేశం మంచిదే. అక్కడ గడ్డి పెరిగింది. జింకలకు కాపుదల దొరికింది, అవి బాగా పెరిగాయి. పెరిగిన జింకలు చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. కృష్ణజింక చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు, చెయ్యి వేస్తే కేసు. రైతు మాత్రం రాత్రంతా మంచె మీద టార్చిలైటు పట్టుకొని, డబ్బా కొట్టుకుంటూ, చేను చుట్టూ పాత చీరలు కట్టుకుంటూ గడిపాడు. ఇన్ని చేసినా తెల్లారేసరికి మొలక ఉండేది కాదు.

మరి ఎవరి కోసమైతే ఇదంతా చేశారో ఆ పక్షి నిలిచిందా? నిలవలేదు. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్నది, ఇప్పుడు లేదు. దేశం మొత్తం మీద ప్రకృతిలో బతుకుతున్నవి నూట యాభైకి మించి లేవని అంచనా, అవీ ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. ఎందుకు పోయిందో ఆలోచిస్తే మ్యాపు దగ్గరికే వస్తాం. ఆ పక్షికి గుడ్డు పెట్టడానికి గడ్డి కావాలి, తిరగడానికి, తినడానికి చుట్టూ ఉన్న మెట్ట చేలు కావాలి. కొర్ర, జొన్న, ఏడాది విడిచి ఏడాది వదిలే బీడు, ఇవన్నీ దాని ఇల్లే. మ్యాపులో మాత్రం కంచె లోపల ఉన్న పదిహేను వందల ఎకరాలే దాని ఇల్లుగా గీశారు. కంచె బయట నీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, బీడు మాయమైంది. నీళ్ళొస్తే ఏ రైతు వద్దంటాడు? కొర్ర వేస్తే కొనేవాడు లేడు. అప్పుడు ఎవరైనా వచ్చి, "మీ ఊరి చేలల్లో ఇన్ని ఎకరాలు కొర్ర, జొన్న వేయండి, తగ్గే రాబడి మేం ఇస్తాం" అని ఉంటే మన పెద్దలు కాదనేవాళ్ళు కాదు. అలా అడిగిన మనిషి లేడు. చేలు ఆ మ్యాపులోనే లేవు కదా.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో ఊళ్ళల్లో ఒక పుకారు తిరిగేది, ఆ పక్షి మీ చేలో కనబడిందంటే చేను పోతుందని. దాంతో కనబడినా కనబడలేదన్నవాళ్ళున్నారు. గుడ్డు ఉన్న చోట కావాలని గుంటక తోలినవాళ్ళూ ఉన్నారని విన్నాం. భయపెట్టి కాపాడాలనుకుంటే జరిగేది ఇదే.

పుకారు ఉత్తదేం కాదు

ఆ భయానికి ఆధారం ఉంది. మధ్యప్రదేశ్‌లో శివపురి జిల్లాలో కరేరా అనే చోట 1981లో ఇదే పక్షి కోసం 202 చదరపు కిలోమీటర్ల శాంక్చురీ ప్రకటించారు. అందులో ముప్పైకి పైగా ఊళ్ళు, రైతుల సొంత పొలాలు ఉన్నాయి. పొలం అమ్మాలంటే వీల్లేదు, కొనాలంటే వీల్లేదు. ఆడపిల్ల పెళ్ళికి ఎకరం అమ్ముకుందామన్నా కుదరదు. మొదట్లో ఆ పక్షిని చూపించి సంతోషపడిన ఊళ్ళే తర్వాత దాని మీద పగబట్టాయి. 1990ల్లో పక్షి కనబడడం మానేసింది. ఆంక్షలు మాత్రం అలాగే ఉన్నాయి. 2022లో గానీ ఆ శాంక్చురీని రద్దు చేయలేదు. అంటే లేని పక్షి పేరు మీద పాతికేళ్ళకు పైగా రైతుల పొలాలు కట్టుబడి ఉన్నాయి.

మహారాష్ట్రలో షోలాపూర్ వైపు నానజ్ శాంక్చురీ ఇంకా విచిత్రం. 1979లో మ్యాపు మీద 8,496 చదరపు కిలోమీటర్లు చుట్టేశారు. అది మన పాత జిల్లాలో సగం అంత. పొలాలు, ఊళ్ళు అన్నీ అందులోనే. అమలు చేయలేక, వదులుకోలేక ముప్పై ఏళ్ళు నలిగి చివరికి 1,222 చదరపు కిలోమీటర్లకు తగ్గించారు. మనవైపు కొల్లేరు సంగతి మీకు తెలుసు. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. అందులో వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. పాతికేళ్ళు దాటినా ఆ చిక్కుముడి ఇంకా విప్పలేదు. సరస్సూ బాగుపడలేదు, చిన్న రైతుకూ న్యాయం జరగలేదు.

చట్టంలో దీనికి కారణం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 18వ సెక్షన్ కింద శాంక్చురీ చేస్తామని ప్రకటన వచ్చిన రోజు నుంచి, 20వ సెక్షన్ ప్రకారం ఆ భూమి మీద కొత్త హక్కు ఎవరికీ రాదు, వారసత్వంగా తప్ప. అదే చట్టంలో మనకు పనికొచ్చేది కూడా ఉంది. 21వ సెక్షన్ కింద కలెక్టరు స్థానిక భాషలో ప్రకటన ఇవ్వాలి, రెండు నెలల లోపల మన హక్కును రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. ఈ రెండు నెలల సంగతి తెలియక ఎంతమంది నష్టపోయారో లెక్కలేదు. ఈ మాట ప్రతి ఊళ్ళో చెప్పండి.

బంజరు అనే రంగు

జంతువుల మ్యాపులో చేరితేనే ప్రమాదమని అనుకోవద్దు. చేరకపోతే ఇంకో ప్రమాదం. ప్రభుత్వం వేస్ట్‌ల్యాండ్ అట్లాసు అని ఒకటి తయారుచేయిస్తుంది. ఉపగ్రహం నుంచి తీసిన బొమ్మలు చూసి ఏది పనికిరాని భూమో రంగులు వేస్తారు. మన గొర్రెలు మేసే బయలు, పొదలున్న గుట్టపాదం, వానాకాలంలో గడ్డి మొలిచే గరుగు నేల చాలావరకు అందులో బంజరుగానే కనబడతాయి. మూడు వందల గొర్రెల మంద, ఇరవై ఇళ్ళు దాని మీద బతుకుతున్నాయని ఉపగ్రహానికి ఏం తెలుస్తుంది? సోలారు కంపెనీ వచ్చినా, క్వారీ వచ్చినా, ముందుగా చూపించేది ఆ బంజరునే. ఓర్వకల్లు దగ్గర గని-శకునాల సోలార్ పార్కు ఒక్కటే దాదాపు ఆరు వేల ఎకరాలు. కరెంటు వద్దని మనం అనం. ఖాళీ నేల అనుకొని ఇచ్చేసే ముందు అక్కడ ఏముందో, ఎవరున్నారో చూడమంటున్నాం.

దీనికి తమిళనాడులో ఒక మంచి ఉదాహరణ ఉంది. మదురై దగ్గర అరిట్టాపట్టి అనే ఊరు. అక్కడి గుట్టలు, చెరువులు, డేగజాతి పక్షులు ఉన్న 193 హెక్టార్లను 2022లో జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించారు. 2024 నవంబరులో ఆ ఊరితో కలిపి దాదాపు రెండు వేల హెక్టార్లలో టంగ్‌స్టన్ గని వేలం పూర్తయిందని తెలిసింది. గ్రామసభలు తీర్మానాలు చేశాయి. 2025 జనవరిలో వేలమంది రైతులు మదురైకి ఊరేగింపుగా కదిలారు. అదే నెలలో కేంద్రం వేలాన్ని రద్దు చేసింది. రోడ్డెక్కిన జనమే గెలిపించారు, అందులో సందేహం లేదు. అయితే వాళ్ళ చేతిలో "ఇక్కడ ఇవి ఉన్నాయి" అని ముందే రాసిపెట్టిన కాగితం ఒకటి ఉండడం వల్ల వాదన గట్టిపడింది. మ్యాపు మన మెడకు ఉరితాడు కాగలదు, మన చేతికి కర్రా కాగలదు. ఎవరు గీశారు, ఎవరి ముందు గీశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఊళ్ళో ఉన్న రిజిస్టరు

మన ఊళ్ళల్లో అలాంటి కాగితం లేదా అంటే, లెక్కప్రకారం ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళో ఉన్న చెట్టూ చేమా, పశువులు, పక్షులు, విత్తనాలు, వాటి గురించి మన పెద్దలకు తెలిసిన సంగతులు ఆ కమిటీ ఊరివాళ్ళను అడిగి ఒక రిజిస్టరులో రాయాలి. కమిటీలో మూడో వంతు మహిళలు ఉండాలని 2004 నాటి నియమాల్లోనే ఉంది. పదిహేనేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, ఆ తర్వాత నెలకు పది లక్షల చొప్పున కట్టాలని రాష్ట్రాలను హెచ్చరించింది. అప్పుడు ఉరుకులు పరుగుల మీద దేశమంతటా రెండున్నర లక్షలకు పైగా కమిటీలు, రిజిస్టర్లు పుట్టుకొచ్చాయి.

మా ఊళ్ళో అది ఎలా రాశారో చెబుతాం. ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చాడు. పంచాయతీ ఆఫీసులో కూర్చొని ఇద్దరిని అడిగాడు. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోయింది. కమిటీలో ఎవరున్నారని తర్వాత విచారిస్తే, అందులో పేరున్న ఒకామెకు ఆ సంగతే తెలియదు. రిజిస్టరు చూపించమని మూడుసార్లు తిరిగితే చూపించారు. అందులో మా వంక లేదు. జింకలు లేవు. మా ఊళ్ళో ఎప్పుడూ ఎవరూ చూడని చెట్ల పేర్లు మాత్రం ఉన్నాయి. రేపు ప్రకృతి పునరుద్ధరణ ప్రణాళిక రాసేవాళ్ళు ముందుగా తెరిచేది ఈ రిజిస్టరునే. అది చూసి మన ఊరికి ఏ ప్రణాళిక రాస్తారో ఊహించుకోండి.

మేం చేసింది

అందుకని పోయిన ఎండాకాలం, దుక్కులకు ముందు, మా ఊళ్ళో మేమే ఒక ప్రయత్నం చేశాం. సచివాలయంలో సర్వేయరును అడిగి ఊరి మ్యాపు తెచ్చి, పెద్దగా జిరాక్సు తీయించాం. రామాలయం అరుగు మీద పరిచాం. మూడు రాత్రులు కూర్చున్నాం. జింకలు నడిచే దారికి కందిగింజలు, నేల మీద పిట్టలు గుడ్లు పెట్టే చోట్లకు జొన్నలు, నీళ్ళుండే గుంటలకు చింతగింజలు, పంట నష్టం జరిగిన చేలకు పత్తిగింజలు పెట్టుకుంటూ పోయాం.

మొదటి రాత్రి మగవాళ్ళమే ఉన్నాం. ఎవరి చేను వాళ్ళు చూపించడంతోనే సరిపోయింది. రెండో రాత్రి గొర్రెల కాపరులను, కలుపుకు పోయే ఆడవాళ్ళను పిలిచాం. అప్పుడు మ్యాపు మారిపోయింది. ఏ గట్టు కింద కౌజు పిట్టలుంటాయో, ఏ పాడుబడ్డ బావిలో గుడ్లగూబలుంటాయో, నక్కలు ఏ వైపు నుంచి దిగుతాయో వాళ్ళకు తెలుసు. గుడ్లగూబలున్న బావి పక్క చేలల్లో ఎలుకల మందు తక్కువ పెడతామని ఒకామె చెప్పింది. ఆ మాట ఏ రిజిస్టరులోనూ లేదు.

మూడో రాత్రి గింజలన్నీ చూస్తే, పత్తిగింజలు ఊరంతా చల్లినట్టు లేవు. గుట్టపాదం నుంచి కుంట దాకా ఒక వరసలో ఉన్నాయి. ఇవే చేలు ఏటా ఎందుకు పోతున్నాయని అనుకుంటుంటే, ఒక పెద్ద కాపరి అన్నాడు: "మీరు జింకల దారి అంటున్నది వంక కదా నాయనా. వంకను దున్ని చేను చేసుకున్నారు. అవి పాత దారినే పోతున్నాయి." కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ వంక పోరంబోకును దున్నుకున్నవాళ్ళలో మా సంఘం వాళ్ళు ఇద్దరున్నారు. ఈ మాట ఈ వేదిక మీద చెప్పాలా వద్దా అని మాలో మేం వాదించుకున్నాం. మన తప్పు మనం చెప్పుకోకుండా ప్రభుత్వాన్ని ప్రశ్నిస్తే మన మాటకు బలం ఉండదని చెబుతున్నాం. ఇద్దరిలో ఒకరు పంట తీశాక గట్టు వెనక్కి జరుపుతామన్నారు. ఇంకొకరు ఆలోచిస్తున్నారు. ఆయనకున్నది రెండెకరాలే. ఆయన నష్టం ఎవరు భరించాలన్నది కూడా ప్రణాళికలో రాయాల్సిన విషయమే.

ఆ మ్యాపును బట్టి ఊళ్ళో మూడు పనులు అనుకున్నాం. గుట్టవైపు పాత కుంట పూడిక తీస్తే జింకలు నీళ్ళకోసం చేలు దాటాల్సిన అవసరం తగ్గుతుంది. మేత పోరంబోకులో సగాన్ని తొలకరి నుంచి దీపావళి దాకా వదిలేసి, గడ్డి విత్తనం రాలాక మేపుకోవాలి. ఇది కాపరులు ఒప్పుకున్నదే. ఇక ఆ గడ్డి నేలలో గుంతలు తీసి చెట్లు నాటొద్దని చెప్పాలి. చెట్టు మంచిదే, కానీ నేల మీద గుడ్డు పెట్టే పిట్టకు నాలుగు వైపులా దూరం కనబడాలి, గొర్రెకు గడ్డి కావాలి. దీనితో జింకలు చేలల్లోకి రావడం ఆగిపోతుందని మేం చెప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలిసింది. కంచెకు కరెంటు పెట్టే పని మాత్రం ఎవరూ చేయొద్దు. అది జింక కంటే ముందు మన మనిషినే చంపుతుంది.

"రాసిస్తే మన మెడకే చుట్టుకుంటుంది"

ఈ మాట మా ఊళ్ళో చాలామంది అన్నారు. న్యాయమైన అనుమానమే. 22ఎ జాబితాలో పొలం పడి రిజిస్ట్రేషను ఆగి, ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళకు ఇంకో మ్యాపు అంటే ఒళ్ళు మండుతుంది. అందుకే మేం మ్యాపుతో పాటు రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. ప్రతి గుర్తు పక్కన ఆ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు, ఎవరు మేపుతున్నారు అని రాశాం. జంతువుల గుర్తులు, మనుషుల హక్కులు ఒకే కాగితం మీద ఉండాలి. రెండోది, గూళ్ళున్న ఖచ్చితమైన చోట్లు బయట పెట్టలేదు. వేటగాళ్ళు కూడా మ్యాపు చదవగలరు.

ఊరు తనంతట తాను ముందుకొస్తే ఎలా ఉంటుందో చూడాలంటే చిలమత్తూరు మండలం వీరాపురం పోయి చూడండి. ఏటా వచ్చే ఎర్రకాళ్ళ కొంగలను పురుటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఎవరినీ కొట్టనివ్వరు. కొంగలొస్తే వానలు బాగుంటాయని వాళ్ళ నమ్మకం. చట్టంలో కూడా ఇలాంటి దారి ఉంది. 36సి సెక్షన్ కింద ఊరివాళ్ళు, రైతులు ఇష్టపడి ముందుకొస్తే కమ్యూనిటీ రిజర్వు చేయొచ్చు. దాని కమిటీలో పంచాయతీ పంపే ప్రతినిధులు ఐదుగురికి తగ్గకుండా ఉంటారు. శాంక్చురీ ఒక్కటే దారి కాదు.

మనం అడగాల్సినవి

ఈ సమావేశం ముందు తీర్మానం కోసం ఈ కోర్కెలు పెడుతున్నాం.

ఒకటి. వన్యప్రాణుల మ్యాపు ఏదైనా సరే, ముసాయిదా తెలుగులో, సర్వే నంబర్లతో సచివాలయంలో అంటించాలి. విత్తే కాలం, కోత కాలం కాని రోజుల్లో గ్రామసభ పెట్టి చర్చించాలి.

రెండు. మ్యాపులో గుర్తు పడిందన్న కారణంతో పట్టా భూమిని 22ఎలో పెట్టకూడదు. అమ్మకాలు, బ్యాంకు రుణాలు ఆపకూడదు.

మూడు. జింకలు, అడవిపందులు తిరిగే చోట్లని మ్యాపులో ఉంటే, ఆ చేలకు పంట నష్టపరిహారం కూడా ఆ మ్యాపును బట్టే రావాలి. సాగు చేసిన కౌలు రైతు చేతికే అది అందాలి.

నాలుగు. బీడు వదిలినా, కొర్ర, జొన్న వేసినా, గుడ్లున్న చోట దుక్కి ఆపినా తగ్గిన రాబడిని ఏటా చెల్లించాలి. చెల్లింపు లేని కాపుదల రైతు మీద వేసే పన్నే.

ఐదు. మేత బయళ్ళను బంజరు అని రాయడం మానాలి. మ్యాపు రైతుకు ఎంత వర్తిస్తుందో సోలారుకు, క్వారీకి, గనికి కూడా అంతే వర్తించాలి.

ఆరు. పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టర్లను ఊరివాళ్ళ ముందు తెరిచి తిరిగి రాయాలి. కాపరులు, మహిళలు లేకుండా రాసింది చెల్లదనాలి.

ఇవి అడగాలంటే మన చేతిలో మన మ్యాపు ఉండాలి. సంక్రాంతి లోపల మండలానికి రెండు ఊళ్ళైనా ఈ పని చేయాలని కోరుతున్నాం. ఖర్చు పెద్దగా లేదు. ఊరి మ్యాపు జిరాక్సు, నాలుగు రకాల గింజలు, మూడు రాత్రులు చాలు. మొదటి రాత్రే కాపరులను, ఆడవాళ్ళను పిలవండి, మాలాగా ఒక రాత్రి పోగొట్టుకోవద్దు.

బట్టమేక పిట్ట మన వైపు నుంచి పోయింది. మన పిల్లలకు దాన్ని బొమ్మలోనే చూపిస్తున్నాం. మిగిలిన వాటి విషయంలోనైనా "ఆ రోజు మమ్మల్ని ఎవరూ అడగలేదు" అని చెప్పుకునే పరిస్థితి మళ్ళీ రాకూడదు. అడిగేదాకా ఆగకుండా మనమే రాసి పెట్టుకుందాం.